మావయ్యకు ఏడాది మంచి నడవడిక

పోయిన వారం ఇక్కడ మలేషియాలో, మా క్లాంగ్‌లో సినిమాకి వెళ్ళాం. బొమ్మ మొదలయ్యే ముందు, ఇందులో పెద్దలు మాత్రమే చూడదగ్గ సన్నివేశాలున్నాయని తెర మీద అక్షరాలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే నా వెనక వరసలో ఎవరో దగ్గారు. నేను టక్కున కళ్ళు మూసుకున్నాను. పక్కనున్న మా ఆయన, "ఏటైంది, తలనొప్పా?" అన్నాడు. ఏం చెప్పను? నలభై దాటినదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, సినిమాహాల్లో ఎవరు దగ్గినా ఇప్పటికీ నా కళ్ళు వాటంతట అవే మూతపడతాయి. ఇదంతా మా మావయ్య చేసిన నిర్వాకం. ఆయన పోయి అప్పటికి రెండు నెలలు.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు కాదు. పోర్ట్ క్లాంగ్‌లో మా వీధి చివరి ఇల్లు ఆయనది, అంతే చుట్టరికం. ఊళ్ళో అందరూ దగ్గు మావయ్య అనేవారు. ఆ పేరు వెనక రోగం ఏమీ లేదు, ఉద్యోగం ఉంది.

మా తెలుగు సంఘం హాల్లో నెలకోసారి సినిమా వేసేవారు. పిల్లల చెవిన నాలుగు తెలుగు ముక్కలు పడాలని పెద్దల ఆశ. కానీ తెలుగు సినిమాలో తెలుగుతో పాటు ఇంకా చాలా సరుకు ఉంటుంది కదా. ఆ సరుకు పిల్లల కంటపడకుండా చూసే పని మావయ్యకి అప్పజెప్పారు. ఆయన ముందురోజే ఇంట్లో కూర్చుని సినిమా అంతా చూసేవాడు. ఎక్కడ ఏముందో గుర్తుపెట్టుకుని, హాల్లో మొదటి వరసలో కూర్చుని, ఆ ఘట్టం రాబోయే ముందు దగ్గేవాడు. ఒక దగ్గుకి తల్లులు పిల్లల కళ్ళు మూయాలి. రెండు దగ్గులకి చెవులు కూడా మూయాలి. ఆపకుండా గొంతు సవరించాడంటే పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి మంచినీళ్ళు తాగించుకు రావాలి. ఎవరూ కూర్చుని పెట్టిన నియమం కాదు ఇది, దానంతట అదే అలవాటైపోయింది. మేమంతా అలా పెరిగినవాళ్ళమే. పెళ్ళయ్యాక గానీ నేను ఒక్క ప్రేమ పాట కూడా పూర్తిగా చూడలేదు.

ఒకసారి ఆయనకి నిజంగానే జలుబు చేసింది. ఆ రోజు సినిమాలో తల్లి కొడుక్కి పెరుగన్నం కలిపి పెడుతోంది. మావయ్యకి దగ్గు తెర వచ్చింది. హాలంతా పిల్లల కళ్ళు మూశారు. మళ్ళీ దగ్గాడు, చెవులు మూశారు. కాదు, కాదు అని ఆయన చెయ్యి ఊపాడు. బయటికి తీసుకెళ్ళమంటున్నాడనుకుని పిల్లలందరినీ బయటికి తోలేశారు. ఇక లోపల మిగిలిన పెద్దలు ఆ పెరుగన్నాన్ని గుడ్లప్పగించి చూశారు, ఇందులో ఏముందా అని. "తల్లీకొడుకులే గదమ్మా, ఇందలేటి ఉంది?" అని ఒక ముసలమ్మ అడిగితే, "నీకు తెల్దులే, ఈ కాలం సినిమాలు లోపల్లోపల వేరేగుంటాయి" అని ఇంకొకావిడ చెప్పింది. మావయ్య ఇంటికొచ్చి మిరియాల కషాయం తాగుతూ, "నా దగ్గు నాది కాకుండా పోయింది అమ్మీ" అని వాపోయాడు.

ఈ హాల్లో మావయ్య పక్క కుర్చీ ఎప్పుడూ ఒక చైనాయనది. లారీ నడిపి రిటైరైన మనిషి. మావయ్య ఓడరేవులో సరుకు దించే గిడ్డంగిలో పనిచేసే రోజుల నుంచీ ఇద్దరికీ స్నేహం. ఒకరినొకరు 'కావన్' అని పిలుచుకునేవారు, మలయ్‌లో స్నేహితుడా అని. అసలు పేర్లు మరిచిపోయారేమో అని నాకు అనుమానం. చైనాయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుని, మాకంటే ముందే నవ్వేవాడు. ఎక్కడ నవ్వాలో ఆయన్ని చూసి మేము సిద్ధమయ్యేవాళ్ళం. మావయ్య దగ్గితే మాత్రం ఆయన కూడా బుద్ధిగా కళ్ళు మూసుకునేవాడు. "నీకెందుకు, నువ్వు తాతవి గదా" అని నేనడిగితే, "కావన్ దగ్గాడు లా. ఏదో కారణం ఉంటుంది" అన్నాడు. వాళ్ళ మాటలన్నీ మలయ్‌లో సాగేవి, నేను తెలుగులో పెట్టి చెప్తున్నాను. చివరి 'లా' మాత్రం ఇక్కడివాళ్ళ మాటలకుండే తోక, అలాగే ఉంచాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పోయినేడు ఇక్కడి కుర్రాళ్ళే తీసిన ఒక సినిమా వచ్చింది. దొంగతనం కేసులో ఇరుక్కున్న ఒక తెలుగు కుర్రాడు, వాడి స్నేహితుడు ఒక చైనా కుర్రాడు. కోర్టు తెలుగు కుర్రాణ్ణి జైలుకి పంపకుండా, కొన్నాళ్ళు మంచి నడవడికతో ఉండమని ఒక అధికారి కనుసన్నల్లో పెట్టి వదిలేస్తుంది. ఆ గడువులో వీళ్ళ స్నేహం ఏమైంది, జాతుల గొడవలు ఎలా తగులుకున్నాయి, అదీ కథ. పిల్లలకి చూపించవచ్చా లేదా అని సంఘం కార్యదర్శి మావయ్యని అడిగాడు. సినిమా థియేటర్లో ఆడుతోంది, ఇంట్లో చూడటానికి లేదు. అందుకని ఒక మధ్యాహ్నం మావయ్యని, చైనాయన్ని కారులో ఎక్కించుకుని నేనే తీసుకెళ్ళాను.

కౌంటర్లో పిల్ల, ఈ సినిమా పెద్దవాళ్ళకి మాత్రమే అని అలవాటుగా చెప్పింది. మావయ్య వెంటనే గుర్తింపు కార్డు తీసి ఆమె ముందు పెట్టాడు. డెబ్భై ఒకటో ఏడు నడుస్తోంది ఆయనకి. ఆ పిల్ల నవ్వాపుకుంటూ కార్డు చూసి, మీరు చూడొచ్చు అంకుల్ అంది. చైనాయన కూడా తన కార్డు చూపించి మరీ టికెట్ తీసుకున్నాడు.

సినిమాలో ముద్దు వచ్చింది. మావయ్య దగ్గాడు. చైనాయన కళ్ళు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. బూతులు వచ్చాయి, రెండు దగ్గులు దగ్గాడు. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అక్కడిదాకా అంతా పద్ధతి ప్రకారమే నడిచింది.

తరవాత ఇంకో ఘట్టం వచ్చింది. చైనా కుర్రాడి తండ్రి, తెలుగు కుర్రాణ్ణి గుమ్మంలోంచే గెంటేస్తాడు. గెంటేస్తూ మన జాతిని ఒక మాట అంటాడు. ఇక్కడ మనవాళ్ళని కించపరచడానికి వాడే మాట అది, నా నోటితో చెప్పను. ఆ మాట ఇంకో క్షణంలో పడుతుందనగా మావయ్యకి ఎలాగో తెలిసిపోయింది, ఆ ముసలి తండ్రి నోరు తెరిచే తీరు చూశాడేమో. దానికి ఎన్ని దగ్గులు దగ్గాలో ఆయన దగ్గర లెక్క లేదు. చేతిలో గొడుగు ఉంది, మీట నొక్కితే ఠప్పున విచ్చుకునే రకం. ఆ గొడుగు విప్పి తన ముఖానికి కాదు, నా ముఖానికీ కాదు, చైనాయన ముఖానికి అడ్డం పెట్టాడు. గొడుగు ఊచ కొస వెళ్ళి ఆయన కనుబొమకి తగిలింది. నెత్తురు బొటబొటా కారింది.

మా వెనక ఒక ఘనుడు దొంగచాటుగా ఫోన్లో సినిమా తీసుకుంటున్నాడు. సినిమాతో పాటు ఇదీ ఆ ఫోన్లో పడింది. మేము ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని బయటికి వచ్చేసరికి దేశమంతా ఆ ముక్క చూసేసింది. జాతి గురించి మాట వచ్చిందని రెచ్చిపోయి, ఇండియన్ ముసలాడు పక్కనున్న చైనా ముసలాణ్ణి గొడుగుతో పొడిచాడట. సినిమాని దొంగిలిస్తున్నవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు మనవాళ్ళు కొందరు పూలదండ పట్టుకుని మావయ్య ఇంటికి వచ్చారు, జాతి పరువు నిలబెట్టినావని. ఆయన చీపురు పట్టుకుని వాళ్ళని వీధి మలుపు దాకా తరిమాడు. అటు చైనాయన ఇంటికి వాళ్ళ సంఘం పెద్దలు కమలాల బుట్ట పట్టుకుని ఓదార్చడానికి వెళ్ళారు. ఆ బుట్ట చంకన పెట్టుకుని చైనాయన నేరుగా మావయ్య ఇంటికే వచ్చాడు. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని ఆ కమలాలు వొలుచుకు తిన్నారు. మావయ్య ప్రతి తొనకీ ఒకసారి, "నొప్పెడతందా కావన్?" అని అడుగుతూనే ఉన్నాడు.

పోలీసులు వదల్లేదు. చైనాయన స్టేషన్‌కి వెళ్ళి, నన్నెవరూ పొడవలేదు, అడ్డం పెట్టాడు, అని మొత్తుకున్నాడు. భయపడి అలా చెబుతున్నాడనుకున్నారు. కోర్టులో మెజిస్ట్రేటు మావయ్యని ఎందుకలా చేశావని అడిగారు. మావయ్య చేతులు కట్టుకుని నిలబడి తన మలయ్‌లో చెప్పాడు. "తెర మీద వాళ్ళ మనిషి ఒక చెడ్డమాట అనబోతన్నాడు. అది ఇంటే ఈడు సిగ్గుతో చచ్చిపోతాడు. ఈడెప్పుడూ నన్ను ఆ మాట అన్లేదు. అనేవోడు కాదు. అందుకని కనపడకుండా ఇనపడకుండా అడ్డం పెట్టినాను."

"అంటే ఆయనకి దెబ్బ తగలకూడదని ఆయన్ని కొట్టావా?"

మావయ్య తల ఊపి, "ఔను దొరా" అన్నాడు. అంతే, నేరం ఒప్పుకున్నట్టయింది.

జైలు వద్దన్నారు. ఏడాది పాటు మంచి నడవడికతో ఉండాలి, ఒక అధికారి వచ్చి చూస్తూ ఉంటారు. ఇంకో షరతు, బాధితుడి దగ్గరికి వెళ్ళకూడదు, మాట్లాడకూడదు. తప్పితే జైలు. సరిగ్గా ఆ సినిమాలో కుర్రాడికి పడ్డ శిక్షే. బాధితుడు కుర్చీలోంచి లేచి ఏదో అరిచాడు. కూర్చోమన్నారు.

బయటికి వచ్చాక తెలిసింది మా తెలివి. ముగ్గురం వచ్చింది ఒకే కారులో. వాన మొదలైంది. నేను మావయ్యని ఎక్కించుకుని బయల్దేరాను. చైనాయన కనుబొమ మీద తెల్ల పట్టీతో బస్టాపులో నిలబడ్డాడు. మేము ఆయన ముందునుంచే వెళ్ళాం. మావయ్య తల తిప్పుకుని కూర్చున్నాడు. కొంచెం దూరం వెళ్ళాక, "అమ్మీ, ఆపు. నానిక్కడ దిగుతాను. నువ్వు ఎనక్కెల్లి ఆడిని ఎక్కించుకో. ఆడికి దెబ్బ ఉంది" అన్నాడు. దిగి వానలో నడుచుకుంటూ పోయాడు. నేను వెనక్కి వెళ్ళి చైనాయన్ని ఎక్కించుకుంటే, ఆయన దారంతా, "కావన్ ఎక్కడ? నువ్వు కావన్‌ని వానలో దింపేశావా?" అని నన్ను తిట్టాడు. ఆ రోజు ఈ ఇద్దరి మీదా, ఆ న్యాయం మీదా, ఆ గొడుగు కనిపెట్టినవాడి మీదా నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇంటికెళ్ళి ఏడ్చాను.

ఇక మావయ్య మంచి నడవడిక మొదలైంది. అప్పటిదాకా ఆయన చెడ్డగా ఉన్నాడని కాదు, ఇప్పుడు భరించలేనంత మంచిగా తయారయ్యాడు. ఎర్రదీపం పడితే సైకిలు దిగి ఫుట్‌పాత్ మీద నిలబడేవాడు. పక్కింటి కోళ్ళు పెరట్లోకి వస్తే, వాటిని తోలితే నడవడిక చెడుతుందేమోనని బియ్యం చల్లి కూర్చోబెట్టేవాడు. నెలకోసారి వచ్చే అధికారి, తలకి తుడుంగ్ చుట్టుకున్న మలయ్ అమ్మాయి, మా పెద్దమ్మాయి కంటే కాస్త పెద్దదేమో. ఆమె వస్తుందంటే పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. "పుఆన్, సినిమాహాల్లో దగ్గొచ్చునా?" అని అడిగాడొకసారి, పుఆన్ అంటే మలయ్‌లో అమ్మగారూ అని. ఆ పిల్ల తన కాగితాలు తిరగేసి చూసి, దగ్గవచ్చు అంకుల్ అంది.

కాఫీ కొట్టు ఒక్కటే సమస్య. ఇద్దరూ రోజూ వెళ్ళేది ఒకే కొట్టు. వేర్వేరు బల్లల దగ్గర కూర్చుంటే పరవాలేదా అని మావయ్య అడిగితే, ఆ పిల్ల పాపం మొహం చిన్నబుచ్చుకుని, వద్దులెండి అంకుల్, ఎవరైనా ఫోన్లో తీస్తే మీకే ప్రమాదం అంది. దాంతో పొద్దున్న మావయ్యది, సాయంత్రం చైనాయనది అని పంచుకున్నారు. పంచింది నేనే, ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి. చైనాయనకి ఈ షరతు మీద గౌరవం తక్కువ. మావయ్య గుమ్మంలో కూర్చుంటే ఆయన వీధిలో అటూ ఇటూ నడిచేవాడు. మావయ్య లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. వేసుకుని కిటికీ సందులోంచి చూసేవాడు. "సిక్కిపోయినాడు అమ్మీ. బువ్వ తింటన్నాడో లేదో కనుక్కో."

"అంత బాధైతే ఒక్కసారి మాట్లాడితే ఏటవుద్ది? ఎవులు సూత్తారు?" అని అత్తయ్య, అంటే మావయ్య భార్య, విసుక్కునేది.

"నాను తప్పు సేత్తే ఏటంటారు? సూసినారా, ఈ జాతోళ్ళు ఇంతే అంటారు. మల్లీ ఆడిని కోర్టుకీడిసి బాధితుడు అంటారు. నా కావన్‌ని నాను కొట్టినానని మల్లీ ఇనాలా? ఏడాదవ్వనీ. ఆ రోజు పొద్దున్నే ఎల్లి ఆడి గుమ్మంలో నిలబడతాను. అప్పుడు ఎవులొచ్చినా నాకు బయం లేదు."

ఆయనకి కావలసింది ఆ ఒక్కటే. ఏడాది మచ్చ లేకుండా గడిపి, ఎవరూ వేలెత్తి చూపకుండా స్నేహితుడి గుమ్మంలోకి నడిచి వెళ్ళడం. మేమందరం దానికోసమే నెలలు లెక్కపెట్టాం.

ఏడాది నిండటానికి ఇంకొంచెం ఉందనగా ఆయన గుండె మొరాయించింది. ఆసుపత్రిలో చేర్పించాం. కబురు తెలిసి చైనాయన ఆసుపత్రి వసారాలోకి వచ్చేశాడు. గాజు తలుపులోంచి ఆయన్ని చూసి మావయ్య దుప్పటి ముసుగు లాగేసుకున్నాడు. ముసుగులోంచే, "ఎల్లిపొమ్మను. ఇంకా అవ్వలేదు" అన్నాడు. నేను అధికారి పిల్లకి ఫోన్ చేసి అరిచాను. ఆమె తప్పేమీ లేదు, అయినా అరిచాను. షరతు మార్చమని ఆమె అప్పటికే కోర్టుని అడిగిందట, వాయిదా తారీఖు కూడా ఇచ్చారట. ఆ తారీఖు రాకముందే మావయ్య వెళ్ళిపోయాడు.

వీధికి అడ్డంగా టెంటు వేశాం. జనం బాగానే వచ్చారు. అధికారి పిల్ల కూడా వచ్చి ఒక మూల నిలబడింది. చైనాయన మాత్రం రోడ్డుకి అవతల, మురికి కాలవ పక్కన, తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని రమ్మన్నాను. రానన్నాడు.

"ఇంకా గడువు ఉంది లా. ఇన్నాళ్ళు కావన్ ఒక్క తప్పు చెయ్యలేదు. ఇప్పుడు నేను వెళ్ళి చెడగొట్టనా?"

"పోయాక గడువేమిటి తాతా" అన్నాను. ఆయన వినలేదు. అధికారి పిల్ల రోడ్డు దాటి వచ్చి, అయిపోయింది అంకుల్, రండి, అంది. తారీఖు రాలేదు కదా అని ఆమెతో కూడా వాదించాడు. ఎండలో అలాగే నిలబడ్డాడు.

శవం నోట్లో బియ్యం వేసే వేళ అయింది. చుట్టాలంతా వరస కట్టారు. అత్తయ్య తలెత్తి రోడ్డు అవతలికి చూసి, "ఆయన్ని పిలండి. ఆయన కూడా ఎయ్యాల" అంది. సుంగై సుమున్ అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన గొంతు తగ్గించి, "సుట్టాలే గదమ్మా ఎయ్యాల్సింది. ఆయన మనోళ్ళు కాదు గదా" అన్నాడు.

అత్తయ్య ఏడుపు ఆపి ఆయన వైపు తిరిగింది. "ఏడాది పొడుగునా మాటల్లేకుండా ఉన్నారిద్దరూ. ఒకే ఊళ్ళో ఉండి, ఒకర్నొకరు సూసుకుని తలుపులేసుకున్నారు. సుట్టాలు కాకపోతే అలా ఎవులుంటారు?"

శవం చుట్టూ నిలబడ్డవాళ్ళకి నవ్వొచ్చింది. నవ్వి, ఏడ్చారు. పెద్దాయన పక్కకి తప్పుకున్నాడు. నేను మళ్ళీ రోడ్డు దాటి వెళ్ళి, అత్తయ్య అన్న మాట చైనాయనకి మలయ్‌లో చెప్పాను. ఆయన అది విని చొక్కా సరిచేసుకున్నాడు. తరవాత నా చెయ్యి పట్టుకోకుండా తనంతట తానే రోడ్డు దాటాడు.

మావయ్య పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అత్తయ్య గుప్పెట్లో బియ్యం పోస్తే, సగం చొక్కా మీదే ఒలకబోసుకున్నాడు. మిగిలిన నాలుగు గింజలు మావయ్య పెదాల మధ్య పెట్టాడు. "కావన్" అని ఒక్కసారే పిలిచాడు. దాదాపు ఏడాది తరవాత ఆయనతో అన్న మొదటి మాట అది. కళ్ళు తుడుచుకుని లేచి, మూల నిలబడ్డ ఆ మలయ్ పిల్ల దగ్గరికి వెళ్ళాడు.

"పుఆన్, దగ్గరికి వచ్చింది నేను. కావన్ కదల్లేదు. మీరే చూశారు కదా?"

చూశాను అంకుల్, అంది ఆ పిల్ల. ఆయన కదల్లేదు.